భూభ్రమణాన్ని మనమే కొలుద్దాం – 3వ పాఠం: ఒంటికి అందనిది, లోలకానికి అందేది

గత పాఠంలో ఇచ్చిన పనితో మొదలుపెడదాం. గోడ అంచు చాటుకు ఒక నక్షత్రం జారిపోయే క్షణాన్ని వరుసగా రెండు రాత్రులు గడియారం చూసి రాసుకోమన్నాం. రెండో రాత్రి అది 3 నిమిషాల 56 సెకన్లు ముందే మాయమవ్వాలి. మీకు 3:50కీ 4:00కీ మధ్య ఏ అంకె వచ్చినా కొలత బాగున్నట్టే. అర నిమిషం దాకా తేడా వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది మీ తలనే. గోడకు 5 మీటర్ల దూరంలో కూర్చున్నప్పుడు రెండో రాత్రి తల ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగితే చాలు, ఫలితం 27 సెకన్లు తప్పుతుంది. అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, దాన్ని కదలని దేనికైనా కట్టి, అందులోంచి చూస్తే ఆ బాధ ఉండదు. తేడా మరీ వింతగా వస్తే మీరు పట్టుకున్నది నక్షత్రం కాకుండా గ్రహం అయి ఉండొచ్చు.

ఆ 3 నిమిషాల 56 సెకన్లను 24 గంటల్లోంచి తీసేస్తే భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం వస్తుంది: 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. సెకన్లలో 86,164. అంటే గంటకు 15.04 డిగ్రీలు. ఈ పాఠమంతా ఈ అంకె మీదే నడుస్తుంది, నోటుపుస్తకంలో పైన రాసిపెట్టుకోండి.

ఆకాశాన్ని చూసి తిరుగుడును కొలిచాం. తలుపులన్నీ మూసి, ఆకాశం కనిపించని గదిలో కూర్చుంటే ఇదే తిరుగుడు తెలుస్తుందా? ఒంటికి తెలియదు. సరిగ్గా కట్టిన లోలకానికి తెలుస్తుంది. ఒంటికి ఎందుకు తెలియదో అంకెల్లో అర్థమైతేనే లోలకాన్ని ఎలా కట్టాలో అర్థమవుతుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే పాఠంలో పెట్టాం.

పడవ పోలిక ఎంతవరకు?

సుమారు 1500 ఏళ్ల కిందట ఆర్యభటుడు చెప్పిన పోలిక చాలామందికి తెలిసిందే: ముందుకు సాగే పడవలోని మనిషికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించడమూ అలాంటిదే. ఆకాశం ఎందుకు తిరిగినట్టు కనిపిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పోలిక లేదు. అయితే మనకు కదలిక ఎందుకు తెలియదన్న ప్రశ్నకు ‘వేగం మారదు కాబట్టి తెలియదు’ అని చెప్పి వదిలేయడం సగం జవాబే. పడవ తిన్నగా పోతుంది. భూమి మీద మనం గుండ్రంగా తిరుగుతున్నాం. తిన్నగా, ఒకే వేగంతో పోయే కదలికను మూసిన గదిలో ఏ పరికరమూ పట్టలేదు. గుండ్రంగా తిరిగే కదలికను పట్టొచ్చు. అంటే భూభ్రమణం తెలియకపోవడానికి ప్రకృతి సూత్రం ఏదీ అడ్డు లేదు. అడ్డల్లా మన ఇంద్రియాల మొరటుతనమే.

మొరటుతనం ఎంతో చూద్దాం. తిరుగుడు మనిషికి రెండు దారుల్లో తెలియాలి: చెవి లోపలి భాగం చెప్పాలి, లేదా ఒంటి మీద పడే తోపు చెప్పాలి.

మొదటి దారి: చెవి

గోడ గడియారంలో గంటల ముల్లు గంటకు 30 డిగ్రీలు తిరుగుతుంది. భూమి తిరిగేది అందులో సగం. ఆ ముల్లు కదలడం కంటితోనే పట్టుకోలేం, దాని సగం వేగాన్ని చెవి పట్టుకోవాలి. సెకనుకు లెక్కేస్తే 0.0042 డిగ్రీలు. మన చెవి సెకనుకు ఒక డిగ్రీ దరిదాపు తిరుగుడునే అతికష్టం మీద గుర్తిస్తుంది. అంటే భూమి తిరుగుడు ఆ హద్దుకు రెండు వందల రెట్లకు పైగా కిందే ఉంది.

వేగం సరిపోకపోవడం ఒక్కటే కాదు. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు ఉంటాయి, వాటి నిండా ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, దారికి అడ్డంగా ఉన్న మెత్తని పొర వంగుతుంది, నాడి కబురు పంపుతుంది. తిరుగుడు అదే వేగంతో సాగుతూ ఉంటే ద్రవం కూడా తలతో కలిసి తిరగడం నేర్చుకుంటుంది, పొర మళ్లీ నిటారుగా నిలుస్తుంది, కబురు ఆగిపోతుంది. ఇదంతా సుమారు అర నిమిషం పని. చెవి కొలిచేది తిరుగుడులో వచ్చే మార్పును, తిరుగుడును కాదు. భూమి తిరుగుడులో మార్పు ఎంత? రోజు నిడివి శతాబ్దానికి సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుతోంది. పుట్టినప్పటి నుంచి మన చెవిలోని ద్రవం భూమితో కలిసే తిరుగుతోంది.

దీన్ని పరీక్షించడానికి తిరిగే కుర్చీ చాలు. తోడుగా ఒకరు తప్పనిసరి. కళ్లు తిరిగే జబ్బు, మూర్ఛ, మెడనొప్పి ఉన్నవారు, గర్భిణులు కూర్చోకూడదు. కూర్చున్నవారి కళ్లకు గంతలు కట్టండి. తోడున్నవారు కుర్చీని 6 సెకన్లకు ఒక చుట్టు చొప్పున, ఎక్కడా తగ్గకుండా 45 సెకన్లు తిప్పాలి. ఎటు తిరుగుతున్నట్టు ఉందో కూర్చున్నవారు బొటనవేలితో చూపిస్తూ ఉండాలి. చివరికి వచ్చేసరికి బొటనవేలు సోలిపోవడం, కొందరు ‘ఆగిపోయింది’ అనడం చూస్తారు. అప్పుడు కుర్చీని మెల్లగా ఆపండి. వెంటనే వేలు ఎదురు దిక్కుకు తిరుగుతుంది: ఆగి ఉన్న మనిషికి తాను వెనక్కి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిమిషం దాటేవరకు లేవనివ్వకండి.

ఈ పరీక్ష పాడయ్యేది చెవి వల్ల కాదు, చుట్టుపక్కల వల్ల. ఫ్యాను తిరుగుతుంటే గాలి ఒక్కో చుట్టుకు ఒకసారి ముఖానికి తగులుతుంది. టీవీ మోగుతుంటే శబ్దం ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారుతుంది. నేల ఎత్తుపల్లంగా ఉంటే కుర్చీ చుట్టుకొకసారి ఒరుగుతుంది. వీటిలో ఏది ఉన్నా కూర్చున్నవారు తిరుగుడును చివరిదాకా చెబుతూనే ఉంటారు. భూమి విషయంలో ఇలాంటి ఆనవాళ్లు ఒక్కటీ లేవు. గాలి, నేల, గోడలు, శబ్దాలు అన్నీ మనతోపాటే తిరుగుతున్నాయి. మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు ఆకాశం.

రెండో దారి: తోపు

మలుపు తిరిగే బస్సులో ఒంటిని పక్కకు నెట్టే తోపు లాంటిది భూమి మీద కూడా ఉంది. భూమధ్యరేఖ దగ్గర నేల వేగం సెకనుకు 465 మీటర్లు, అంటే గంటకు దాదాపు 1,674 కిలోమీటర్లు. వినడానికి భయంకరంగా ఉంటుంది గానీ తోపును తేల్చేది వేగం ఒక్కటే కాదు, మలుపు ఎంత పెద్దదన్నది కూడా. ఈ మలుపు వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి వ్యాసార్ధంతో భాగించండి: సెకను వర్గానికి 0.034 మీటర్లు వస్తుంది. గురుత్వ త్వరణంలో ఇది దాదాపు 289వ వంతు. మామూలు లిఫ్టు కదిలేటప్పుడు ఇచ్చే తోపు దీనికి 30 రెట్ల దాకా ఉంటుంది.

మీ ఊరికి లెక్క కావాలంటే 465నూ 0.034నూ మీ అక్షాంశపు కొసైన్‌తో గుణించండి. 30 డిగ్రీల దగ్గర వేగం 403 మీటర్లు, తోపు 0.029. 60 డిగ్రీల దగ్గర రెండూ సరిగ్గా సగం. ధ్రువం దగ్గర సున్నా.

భూమధ్యరేఖ దగ్గర 60 కిలోల మనిషిని ఈ తోపు సుమారు 200 గ్రాముల మేర తేలిక చేస్తుంది. గ్లాసుడు నీళ్లు తాగితే ఆ లెక్క సరిపోతుంది. పైగా ఈ తోపు ఎప్పుడూ ఆగదు, దిక్కు మార్చదు. పుట్టినప్పటి నుంచి బరువులో కలిసిపోయి ఉన్నదాన్ని విడిగా గుర్తించడానికి పోలికే లేదు. ఆఖరికి కిందికి వేలాడే తూకపు దారం కూడా దీని వల్ల కొద్దిగా ఒరిగే ఉంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ఒరుగు డిగ్రీలో పదో వంతు. అయినా కనిపించదు, ఎందుకంటే గోడ కట్టిన మేస్త్రీ కూడా అదే ఒరిగిన దారాన్ని చూసే కట్టాడు, చెరువులో నీళ్లూ ఆ ఒరుగుకు తగ్గట్టే నిలిచాయి.

భూమి ఇప్పటికన్నా 17 రెట్లు వేగంగా తిరిగి ఉంటే, అంటే రోజు సుమారు 84 నిమిషాలే అయితే, భూమధ్యరేఖ మీద ఈ తోపు గురుత్వంతో సరితూగి ఎవరికీ బరువే తెలిసేది కాదు.

మరిచేది, కూడబెట్టేది

ఒళ్లు ఏ క్షణానికి ఆ క్షణం చూసి వదిలేస్తుంది. చిన్నదాన్ని పట్టుకోవాలంటే కూడబెట్టే పరికరం కావాలి. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషే, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారాన్ని దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకెళ్లాడు. అక్కడ అది రోజుకు రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. కారణం భూమి తిరుగుడు, ఆ తిరుగుడు వల్లే భూమి నడుము ఉబ్బి ఉండటం, ఈ రెండూ కలిసి అక్కడ గురుత్వాన్ని తగ్గించడం. ఒక్కో సెకనుకు పడిన తేడా ఒకటిన్నర మిల్లీసెకను. ఏ మనిషీ గుర్తించలేడు. లోలకం మాత్రం ఆ తేడాను రోజుకు 86,400 సార్లు కూడింది.

ఫోనులో తిరుగుడును కొలిచే సెన్సరు ఉంది కదా, అది చాలదా? ఫోనును బల్ల మీద కదలకుండా పెట్టినా అది సున్నా చూపదు, చూపే ఆ తప్పు చాలాసార్లు 0.0042 డిగ్రీలను మించి ఉంటుంది. కూడబెడితే ముందు ఆ తప్పే పోగవుతుంది. విమానాల్లో తిరుగుడును లేజర్ కాంతితో కొలిచే పరికరాలు, లేజర్ గైరోలు, ఈ పని నిజంగానే చేస్తాయి. బయలుదేరే ముందు విమానం కదలకుండా నిలబడి, భూమి తిరుగుడును కొలిచి, ఉత్తరం ఎటో తేల్చుకుంటుంది. ఆ కొన్ని నిమిషాల్లో విమానాన్ని కదిలిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

వాష్‌బేసిన్‌లో నీటి సుడి దిక్కు చూసి అర్ధగోళం చెప్పొచ్చన్న మాటను నమ్మకండి. కుళాయి నీళ్లు పడ్డప్పుడు మిగిలిపోయిన చిన్న తిరుగుడు కూడా భూమి ప్రభావాన్ని మింగేస్తుంది. 1962లో అమెరికాలో ఆషర్ షపీరో దీన్ని నిజంగా చూపించడానికి 1.8 మీటర్ల వెడల్పు తొట్టెలో నీళ్లు నింపి ఒక రోజంతా కదలకుండా ఉంచాల్సి వచ్చింది.

మనకు అందుబాటులో ఉన్నది ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో చూపిన లోలకం దారి. 1851 జనవరిలో ఆయన ఇంటి నేలమాళిగలో రెండు మీటర్ల తీగతో మొదలుపెట్టాడు. మార్చి నాటికి పారిస్ పాంథియోన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి జనానికి చూపించాడు. ఊగే తలం, అంటే గుండు అటూ ఇటూ ఊగే దిక్కు, గంటకు 11 డిగ్రీలకు పైగా తిరిగింది.

ఎంత తిరగాలి?

ధ్రువం మీద వేలాడే లోలకం తాను ఊగే దిక్కును మార్చుకోదు, దాని కింద నేలే గంటకు 15.04 డిగ్రీలు తిరిగిపోతుంది. భూమధ్యరేఖ మీద నేల ముందుకు దొర్లుతుందే తప్ప లోలకం కింద చక్రంలా తిరగదు, కాబట్టి అక్కడ లోలకం ఏమీ చూపదు. మధ్యలో ఎక్కడైనా 15.04ను అక్షాంశపు సైన్‌తో గుణించాలి. 10 డిగ్రీల దగ్గర గంటకు 2.6 డిగ్రీలు, 20 దగ్గర 5.1, 30 దగ్గర 7.5, 45 దగ్గర 10.6, 60 దగ్గర 13. ఉత్తరార్ధగోళంలో పైనుంచి చూస్తే సవ్యదిశ, దక్షిణాన అపసవ్యం. 10 డిగ్రీల లోపు అక్షాంశంలో ఉన్నవారు ఈ పాఠంలో చెప్పే 3 మీటర్ల లోలకంతో దిక్కు చూడగలిగితే అదే గొప్ప, అంకె కోసం పట్టుబట్టవద్దు.

కట్టడం

పొడవు 3 మీటర్లకు తగ్గకూడదు. మెట్ల మధ్య ఖాళీ దొరికితే అదే మేలు. గుండు 4 కిలోలు, గట్టి లోహం, గుండ్రంగా, నట్టనడుమ నుంచి వేలాడాలి. ఇసుక నింపిన సీసా వద్దు: ఊగేటప్పుడు ఇసుక జరుగుతుంది, బరువు కేంద్రం కదులుతుంది. గుండు కింద ఒక సూది మొన అతికించండి. మొనకూ నేలకూ మధ్య 3 సెంటీమీటర్లు ఉంచితే తీగ తెగినా గుండు ఎత్తు నుంచి పడదు.

తీగ 0.5 మిల్లీమీటర్ల ఉక్కు సంగీత తీగ. పురిపెట్టిన తాడు పురి విప్పుకుంటూ గుండును తిప్పుతుంది, నైలాన్ సాగుతుంది. తీగకు ఎక్కడా మడత పడకూడదు, మడత పడినచోటే తెగుతుంది. బిగించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, తెగిన ఉక్కు తీగ కొరడాలా లేస్తుంది.

అసలు పరీక్షంతా పై కొనలో ఉంది. తీగను ముడివేసినా, కొక్కేనికి తగిలించినా పని చెడుతుంది. ఫ్యాను కొక్కెం ఒకవైపు గట్టిగా, అడ్డంగా కొంచెం వదులుగా ఉంటుంది. దానికి వేలాడే లోలకం ఒక దిక్కున ఒక కాలంతో, అడ్డదిక్కున ఇంకో కాలంతో ఊగుతుంది. ఈ తేడా లక్షలో ఒక వంతైనా అరగంటలో గీతలా ఊగాల్సిన గుండు కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెడుతుంది. అందుకని దళసరి ఉక్కు పలకను స్లాబుకు నాలుగు బోల్టులతో బిగించి, దానికి చిన్న డ్రిల్ చక్‌ను (డ్రిల్ యంత్రంలో మొనను బిగించి పట్టే భాగాన్ని) తలకిందులుగా అమర్చి, తీగను దాని మూడు దవడల మధ్య నొక్కండి. మూడు దవడలూ మూడు వైపుల నుంచి సమంగా పట్టుకుంటాయి. తీగ వంగే చోటు అన్ని దిక్కులకూ ఒకేలా ఉండటమే మనకు కావాల్సింది.

కింద తెల్ల కాగితం పరచండి. గుండు నిశ్చలంగా ఉన్నప్పుడు మొన కింద చుక్క పెట్టి, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. దాని అంచున ఒక డిగ్రీ 2.6 మిల్లీమీటర్లు. నట్టనడుమ మిల్లీమీటర్ల గ్రాఫు కాగితం ముక్క అతికించండి. అది ఎందుకో కిందే చెబుతాం.

వదలడం

చేత్తో వదిలితే ఎంత జాగ్రత్తపడ్డా పక్కకు కొంచెం తోపు పడుతుంది. గుండు నడుముకు నూలు దారం చుట్టి, 15 సెంటీమీటర్లు పక్కకు లాగి, బరువైన స్టాండుకు కట్టండి. దారం తిన్నగా కేంద్రం మీదుగా పోయే గీతలో ఉండాలి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, 10 నిమిషాలు ఎవరూ అటు నడవకుండా ఉండండి. గుండు వణుకు పూర్తిగా చల్లారాక దారాన్ని కొవ్వొత్తితో కాల్చండి. నైలాన్ దారం పనికిరాదు, అది కరిగి సాగుతూ వదులుతుంది.

రెండు మూడు ఊగులకే మొదటి దిక్కును గుర్తించండి. మొన ఎక్కడ వెనక్కి మళ్లుతుందో పైనుంచి వాలుగా చూస్తే తప్పు వస్తుంది. అక్కడ సన్నని అద్దం ముక్క పెట్టి, మొన దాని ప్రతిబింబంతో కలిసేలా చూసి గీత పెట్టండి. 30 నిమిషాల తర్వాత మళ్లీ. ఊపు తగ్గి మొన వృత్తం దాకా రాకపోతే, మళ్లే చోట్లు రెండింటినీ కలిపి గీతను వృత్తం వరకు పొడిగించండి. 20 డిగ్రీల అక్షాంశంలో గీత అరగంటకు 6.7 మిల్లీమీటర్లు జరగాలి.

కోడిగుడ్డు లెక్క

మొన నడిమి చుక్క మీదుగా పోతోందా, పక్కనుంచి పోతోందా అని గ్రాఫు కాగితం మీద ప్రతి 5 నిమిషాలకూ చూడండి. పక్కకు పోయే దూరం ఒక్క మిల్లీమీటరైనా, 3 మీటర్ల తీగ, 15 సెంటీమీటర్ల ఊపు ఉన్న లోలకంలో ఆ కోడిగుడ్డు ఆకారం, అంటే దీర్ఘవృత్తం, తనంతట తానే గంటకు 2.3 డిగ్రీలు తిరుగుతుంది. దానికీ భూమికీ సంబంధమే లేదు. గుండు సవ్యంగా చుడుతుంటే ఆ తిరుగుడు సవ్యం, లేకపోతే అపసవ్యం. 20 డిగ్రీల దగ్గర మనం వెతికేది 5.1, అందులో 2.3 దొంగలెక్క అంటే దాదాపు సగం! లోలకం ఉల్టా తిరిగిందని చాలామంది బెంబేలెత్తేది ఇక్కడే.

తీగ పొడవు పెంచడమే దీనికి పెద్ద మందు. అదే ఊపు, అదే పక్కదూరం ఉన్నప్పుడు పొడవు రెట్టింపైతే ఈ తప్పు అయిదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. పాంథియోన్‌లో 67 మీటర్లు దేనికో ఇప్పుడు తెలిసింది కదా. ఊపు పెంచాలని మాత్రం ప్రయత్నించకండి, ఊపుతోపాటు తప్పూ పెరుగుతుంది.

పొడవు పెంచే వీలు లేనప్పుడు దిక్కులు మార్చాలి. ఒకే దిక్కున ఎన్నిసార్లు వదిలినా పై కొన లోపం ఒకేలా మోసం చేస్తుంది. 45 డిగ్రీల తేడాతో నాలుగు దిక్కుల్లో వదిలితే రెండు దిక్కుల్లో అది సవ్యంగా, మిగతా రెండింటిలో దాదాపు అంతే అపసవ్యంగా లాగుతుంది. నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే చాలావరకు రద్దవుతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని

నాలుగు దిక్కుల్లో ఒక్కోటి రెండుసార్లు, మొత్తం ఎనిమిది పరుగులు. ప్రతి పరుగుకూ రాసుకోవాల్సినవి: మొదటి దిక్కు, 30 నిమిషాల తర్వాతి దిక్కు, మొదటి ఊపు, చివరి ఊపు, 15వ నిమిషంలో మొన చుక్కకు ఎన్ని మిల్లీమీటర్ల పక్కనుంచి పోయింది, ఎటువైపు చుట్టింది. పక్కదూరం 3 మిల్లీమీటర్లు దాటిన పరుగును కొట్టేయకండి, పక్కన చుక్క గుర్తు పెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో తప్పును దిద్దే లెక్క నేర్చుకునేటప్పుడు అవే ఎక్కువ పనికొస్తాయి. ఆ తర్వాత దీర్ఘవృత్తాన్ని పుట్టకముందే అణిచే షారోన్ ఉంగరాన్ని తీగ పై భాగాన అమరుస్తాం. కాబట్టి చక్‌కు కింద 5 సెంటీమీటర్ల తీగ చుట్టూ ఏ అడ్డూ లేకుండా ఇప్పుడే చూసుకోండి.